కర్త ఎవరు? తొమ్మిదో తరగతి తెలుగు పీరియడ్‌లో వార్తల భాష

ఏటా తొమ్మిదో తరగతికి కర్తరి, కర్మణి వాక్యాలు చెప్పేటప్పుడు బోర్డు మీద పాత ఉదాహరణే రాసేదాన్ని. "రాముడు రావణుణ్ని చంపాడు. రాముని చేత రావణుడు చంపబడ్డాడు." ‘చేత’, ‘బడు’ కనబడితే కర్మణి అని పిల్లలు గుర్తుపెట్టుకునేవారు. మార్కులు వచ్చేవి. పాఠం అక్కడితో అయిపోయేది.

మూడేళ్ల కిందట జనవరిలో ఆ పాఠం నడుస్తుండగానే, మా మండలంలో తెల్లవారుజామున మిర్చి కోతలకు వెళ్తున్న ఆటో పల్టీ కొట్టింది. ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. అందులో ఒకావిడ మా క్లాసులో ఒకమ్మాయికి పెద్దమ్మ. వారం తర్వాత బడికొచ్చినప్పుడు ఆ అమ్మాయి నోటుబుక్కులో దాచుకున్న పేపర్ ముక్క తీసి చూపించింది. "మా పెద్దమ్మ పేరు తప్పు పడింది మేడం" అంది. నిజమే, పేరు తప్పు. ఆటో నంబరు మాత్రం సరిగ్గా ఉంది. ఎస్సై గారి పేరు ఇంటిపేరు పొడి అక్షరంతో సహా సరిగ్గా ఉంది.

ఆ ముక్క ఆ రాత్రి ఇంటికి తెచ్చుకుని మళ్లీ చదివాను. శీర్షిక "మృత్యు శకటమైన ఆటో". దాని కింద "పొట్టకూటి కోసం వెళ్తూ అనంత లోకాలకు". లోపల "విధి వెక్కిరించింది", "అతివేగం ఇద్దరిని బలిగొంది". వార్త మొత్తంలో ఆటో ఉంది, విధి ఉంది, అతివేగం ఉంది. ఆ చిన్న ఆటోలో అంతమందిని ఎక్కించింది ఎవరో లేదు, ఎందుకు ఎక్కించారో లేదు. నేనేమో క్లాసులో ‘బడు’ వెతకమంటున్నాను. ఈ వార్తలో ఒక్క ‘బడు’ కూడా లేదు. అయినా కర్త కనబడడు.

అక్కడ మొదలుపెట్టిన పని రెండు విద్యాసంవత్సరాలు సాగింది, ఇంకా సాగుతోంది. దాన్ని తోటి ఉపాధ్యాయుల కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇందులో ఇచ్చిన శీర్షికలు, వాక్యాలు ఎవరి ఊరూ పేరూ తెలియకుండా మార్చినవి, వాక్యం పోకడ మాత్రం అలాగే ఉంచాను. పత్రికల పేర్లు రాయడం లేదు. ఈ పోకడ ఏ ఒక్క పత్రికదో కాదు.

మా బడి

పల్నాడు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు. నల్లరేగడి నేల, పత్తి, మిర్చి. పిల్లల్లో ఎక్కువమంది కౌలు రైతుల, కూలీల పిల్లలు. కొద్దిమంది సొంత భూమి ఉన్న ఇళ్లవాళ్లు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కోతలకు వచ్చే కుటుంబాల పిల్లలు కొందరు మా బడికి వస్తారు, కొందరు తల్లిదండ్రులతో చేలల్లోనే ఉండిపోతారు. మాల, మాదిగ, ఎరుకల, యాదవ, ముస్లిం, కమ్మ, రెడ్డి, కాపు ఇళ్ల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. ఇది ముందే చెప్పడం అవసరం. న్యాయం గురించి మాట్లాడేటప్పుడు ఆ గదిలో అన్యాయం జరిగిన ఇంటి పిల్ల, దానివల్ల లాభపడిన ఇంటి పిల్లాడు పక్కపక్క బెంచీల మీద ఉంటారు.

దీనికి విడిగా పీరియడ్ ఏమీ లేదు. వ్యాకరణం పీరియడ్లలో వారానికి ఒకటి, ప్రాజెక్టు పనికి ఇచ్చే సమయం, అంతే వాడుకున్నాను. బడికి వచ్చే పేపరు, ఊళ్లో టీ కొట్టు ఆయన దాచి ఇచ్చిన పాత జిల్లా అనుబంధాలు మా పాఠ్యసామగ్రి.

కర్త మాయం, దొంగ కర్త

మొదటి నెల ఒక్కటే పని. ప్రతి జట్టు రోజుకో వార్త కత్తిరించి తేవాలి. క్రియల కింద గీత గీయాలి. ప్రతి క్రియకూ "ఎవరు?" అని అడిగి, జవాబు వార్తలోనే దొరికితే పక్కన రాయాలి, దొరక్కపోతే ఖాళీ గడి పెట్టాలి.

రెండు వారాల్లో పిల్లలు నేను పాతికేళ్ల కిందట డిగ్రీలో కూడా చదువుకోని సంగతులు పట్టుకున్నారు. ఇంగ్లిషులో చేసినవాణ్ని దాచాలంటే కర్మణి వాక్యం రాస్తారు. మన వార్తల్లో ఆ అవసరమే రాదు, తెలుగుకు వేరే దారులున్నాయి. "దాడికి గురయ్యారు" అంటే చాలు, దాడి చేసినవాడు వాక్యంలోకి రానక్కర్లేదు. "అత్యాచారం జరిగింది" అంటే వాన కురిసినట్టు, తిరునాళ్లు జరిగినట్టు అదీ జరిగింది. శీర్షికలో క్రియను తీసేసి "కూలీల దుర్మరణం", "ఇళ్ల తొలగింపు", "వివాహిత అనుమానాస్పద మృతి" అని నామవాచకంతో ఆపేస్తే ఎవరు అనే ప్రశ్నకు చోటే ఉండదు. కర్త మాయమయ్యే ఈ దారుల్ని పాఠ్యపుస్తకం చూపించదు. అందుకే ‘బడు’ వెతకడం మానేసి ‘ఎవరు’ వెతకమన్నాను.

తర్వాత ఒక కుర్రాడు ఇంకో మాట పుట్టించాడు. వాళ్ల జట్టు తెచ్చిన వార్తలో మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి దిగిన ఇద్దరిని "విషవాయువులు బలిగొన్నాయి". వాడు లేచి, "ఇందులో కర్త ఉన్నాడు మేడం, కానీ దొంగ కర్త" అన్నాడు. ఆ రోజు నుంచి మా క్లాసులో రెండు గుర్తులు. ఖాళీ గడి అంటే కర్త మాయం. గడిలో సున్నా చుడితే దొంగ కర్త. విధి, మృత్యువు, రోడ్డు, అతివేగం, కరెంటు తీగ, అప్పులు, చలి, ఎండ... మన వార్తల్లో దొంగ కర్తలకు కొదవ లేదని పిల్లలు నెల తిరక్కుండానే చూపించారు. గోడ మీద ఒక పక్కంతా నిండిపోయింది.

ఆ మ్యాన్‌హోల్ వార్త దగ్గర రెండు పీరియడ్లు ఆగాను. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దింపడం నేరం. నేరం దిగినవాడిది కాదు, దింపినవాడిది. సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఇచ్చిన తీర్పులో, 1993 నుంచి అలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. చట్టం దింపినవాణ్ని కర్తగా నిలబెడితే, వార్త విషవాయువును నిలబెట్టింది. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన బోర్డు మీద రాశాను. పిల్లలు వాటిని కాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. ఆ వార్తలో కాంట్రాక్టరు పేరు లేదు, పని పురమాయించిన కార్యాలయం పేరు కూడా లేదు.

ప్రేమోన్మాది అనే మాటా ఈ వరసలోనే వచ్చింది. వెంటపడి వేధించి, కాదంటే కత్తితోనో యాసిడ్‌తోనో దాడి చేసినవాడికి తెలుగు వార్తల్లో స్థిరపడిన పేరు అది. ఇక్కడ ఆడపిల్లలే పాఠం నడిపారు, నేను వెనక బెంచీలో కూర్చున్నాను. "ప్రేమ అన్నారు, అంటే వాడి తప్పు సగం పోయింది. ఉన్మాది అన్నారు, అంటే మిగతా సగమూ పోయింది" అని ఒకమ్మాయి తేల్చింది. వెంటపడటం 2013 నుంచి మన చట్టంలో విడిగా నేరమని అప్పుడు చెప్పాను, యాసిడ్ దాడికి ప్రత్యేక సెక్షన్ కూడా ఆ ఏడాదే వచ్చిందని చెప్పాను. ప్రేమోన్మాదికి బదులు ఏం రాయాలి? చాలా మాటలు అనుకుని చివరికి "ఏడాదిగా వెంటపడి వేధిస్తున్న యువకుడు" దగ్గర ఆగారు. పొడుగైనా అందులో చేసిన పని ఉంది, ఎంతకాలంగా చేస్తున్నాడో ఉంది. ఏడాదిగా అంటే ఎవరికైనా చెప్పారా, చెబితే ఏం చేశారు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది.

మానభంగం, చెరచడం, బలాత్కారం, అత్యాచారం, లైంగిక దాడి అనే మాటల్నీ అలాగే వరసగా రాశాం. మొదటి మాటలో భంగపడేది బాధితురాలి మానం. చివరి మాటలో ఉన్నది నిందితుడు చేసిన దాడి. తెలుగు పత్రికలు ఇన్నేళ్లలో మొదటి మాట నుంచి చివరి మాట వైపు నడిచాయి. ఆ నడక వెనక మహిళా సంఘాలు, స్త్రీవాద రచయిత్రులు అడిగిన ప్రశ్నలున్నాయని చెప్పాను. మాట మారుతుందని పిల్లలకు తెలియాలి, అడిగితేనే మారిందని కూడా తెలియాలి. పోక్సో కేసుల వార్తలు మాత్రం క్లాసులోకి తేనివ్వలేదు. పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు ప్రచురించకూడదని ఆ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. మా మండలంలాంటి చోట ఊరు పేరు ఒక్కటి చాలు, ఇల్లు తెలిసిపోతుంది.

డు, రు, ది

ఈ భాగం నేను ముందుగా అనుకున్నది కాదు. చావు వార్తలన్నీ ఒక దగ్గర పెట్టి క్రియలు మాత్రం కత్తిరించండి అన్నాను. బల్ల మీద పరిచాక వచ్చిన వరస ఇది: పరమపదించారు, అస్తమించారు, తుదిశ్వాస విడిచారు, కన్నుమూశారు, మృతి చెందారు, మృతి చెందాడు, మృతి చెందింది, మృత్యువాత పడ్డాడు, దుర్మరణం పాలయ్యాడు, హతమయ్యాడు. ఏ క్రియ ఎవరికి వాడారో పక్కన రాయమన్నాను. మఠాధిపతి, నటుడు, పారిశ్రామికవేత్త, మాజీ ఎమ్మెల్యే, విశ్రాంత ఉద్యోగి పైన ఉన్నారు. కూలీ, లారీ క్లీనరు, యాచకుడు కింద ఉన్నారు. మధ్యలో గీత గీస్తే, గీతకు పైన అందరికీ ‘రు’. కింద మగవాళ్లకు ‘డు’, ఆడవాళ్లకు ‘ది’.

అరెస్టుల్లో కూడా అంతే. కోట్ల కుంభకోణంలో నిందితుడైన పెద్దమనిషి "అరెస్టయ్యారు". గొలుసు లాక్కెళ్లిన కుర్రాడు "పట్టుబడ్డాడు". ఇద్దరి నేరమూ ఇంకా కోర్టులో తేలలేదు.

ఆ రోజు చిన్నయసూరిని తెచ్చాను. 1858 నాటి ఆయన బాలవ్యాకరణం పురుషుల్ని మహత్తులంటుంది. స్త్రీలు ఏకవచనంలో అమహత్తులు, అంటే పశుపక్ష్యాదులతో, రాళ్లూరప్పలతో కలిపి. బహువచనంలో మాత్రం పురుషులతో సమానం. ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది. ఆవులు వచ్చాయి, అమ్మలు వచ్చారు. ఇది చిన్నయసూరి పెట్టింది కాదు, తెలుగు అలా నడిచింది, ఆయన నమోదు చేశాడు. ఒక్కతిగా ఉంటే ‘ది’, నలుగురు కలిస్తే ‘రు’ అని చెప్పగానే ఆడపిల్లల బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. నాకు ఇష్టమైన పీరియడ్లలో అదొకటి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. మా పిల్లలు ఇంట్లో అమ్మను "మా అమ్మ వచ్చింది" అనే అంటారు, అందులో ప్రేమ ఉంది, అగౌరవం లేదు. ‘ది’ తప్పు కాదు. ఒకే పేజీలో ఒకరికి ‘రు’, ఇంకొకరికి ‘ది’ పెట్టి, ఆ తేడాను డబ్బునో పదవినో చూసి నిర్ణయించడం తప్పు. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు తమ ఇంటి మాటకే సిగ్గుపడతారు. ఒకరిద్దరు సిగ్గుపడటం చూశాను, మరుసటి వారం పాఠం అక్కడి నుంచే మళ్లీ ఎత్తుకున్నాను.

"ఓ సామాజిక వర్గం"

కులం గురించిన వార్తలు రెండో ఏడాదే తీసుకున్నాను, అదీ అక్టోబరు తర్వాత, క్లాసులో ఒకరి మాట ఒకరు వినడం అలవాటయ్యాక. ముందే ఒక నియమం పెట్టాను. ఎవరూ తన కులం చెప్పనక్కర్లేదు, పక్కవాడి కులం అడగకూడదు.

పాత సంఘటన దగ్గర మొదలుపెట్టాను. చుండూరు మాకు దూరమేమీ కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి జీవిత ఖైదు వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. దీన్ని మూడు రకాల వాక్యాలుగా బోర్డు మీద రాశాను. "చుండూరులో ఘర్షణ, 8 మంది మృతి." "చుండూరులో 8 మంది దళితుల ఊచకోత." "చుండూరులో అగ్రకులాలవాళ్లు 8 మంది దళితుల్ని చంపారు." ఘర్షణ అనే మాటకు అర్థం ఏమిటని అడిగాను. రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకోవడం అని ఒకడు ఫిజిక్స్ పుస్తకం నుంచి చెప్పాడు. "అయితే రెండువైపులా అరగాలి కదా మేడం" అన్నాడు ఇంకొకడు. నేను దానికి ఏమీ కలపలేదు.

అప్పుడు ఇప్పటి వార్తల్లోకి వచ్చాం. బాధితుల కులం శీర్షికలోనే ఉంటుంది, దళిత యువకుడు, గిరిజన మహిళ. కొట్టినవాళ్లు "ఓ సామాజిక వర్గానికి చెందినవారు", లేదా "కొందరు వ్యక్తులు". ఇరవై ముక్కలు చూస్తే ఇరవైలోనూ దాదాపు ఇదే. అల్లర్లు పెరగకుండా ఉండాలని రాయరు అని నేను కారణం చెప్పాను. ఆ కారణం పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద కేసు నిలవాలంటే నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాదని చూపాలి, కాబట్టి ఫిర్యాదులో ఆ సంగతి రాస్తారు. కోర్టు కాగితంలో ఉన్నది పేపర్లోకి వచ్చేసరికి ‘ఓ’ అయిపోతోంది.

దీని పక్కనే ఇంకో మాట పెట్టాను: స్టువర్టుపురం ముఠా. బాపట్ల, చీరాల మధ్య ఉన్న ఆ ఊరు బ్రిటిష్‌వాళ్లు ఎరుకలవాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంటు. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే మనుషుల్ని నేరస్థులంది. 1952లో ఆ చట్టం పోయింది. ఆ ఊరి పేరు మాత్రం దొంగతనం వార్తల్లో దశాబ్దాలపాటు విశేషణంగా మిగిలిపోయింది. ఒకరు తప్పు చేస్తే ఊరు ఊరంతా, కులం కులమంతా శీర్షికకెక్కుతుంది. ఇంకొకరు తప్పు చేస్తే కులానికి ‘ఓ’ అనే ముసుగు దొరుకుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడమే ఆ వారం పాఠం. అంతకు మించి నేను వ్యాఖ్యానించలేదు, అవసరం రాలేదు.

ఆ శనివారమే ఒక తండ్రి బడికొచ్చారు. "పిల్లలు కలిసిమెలిసి ఉంటున్నారు మేడం, మీరెందుకు ఈ కులాల గొడవలు గుర్తు చేయడం?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే భయపడుతూ అడిగారు. వాళ్లబ్బాయి నోటుబుక్కు తెప్పించి చూపించాను. అందులో కొట్టినవాళ్ల గురించి ఒక్క తిట్టు లేదు, క్రియల కింద గీతలు, పక్కన గడులు, అంతే. సోషల్ పుస్తకంలో అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం ఉంది కదండీ, అది చదివి మార్కులు తెచ్చుకోవచ్చు కానీ పేపర్లో దాన్ని గుర్తుపట్టకూడదా అని అడిగాను. ఆయన పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. అబ్బాయిని మాత్రం మాన్పించలేదు.

నేను చేసిన తప్పు

మొదటి ఏడాది ఫిబ్రవరిలో "అప్పుల బాధ తాళలేక కౌలు రైతు బలవన్మరణం" అనే ముక్కను క్లాసులో పంచాను. నా దృష్టి భాష మీదే ఉంది. బలవన్మరణం అనే మాటలో బలం ఎవరిది? "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అంటాం, పాల్పడటం నేరానికి వాడే క్రియ. 1860 నాటి శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అంది. మన భాషలో మాత్రం నేరం మిగిలిపోయింది. ఇదంతా చెబుతున్నాను, రెండో బెంచీలో అబ్బాయి లేచి బయటికి వెళ్లిపోయాడు.

రెండేళ్ల ముందు వాళ్ల నాన్న అలాగే పోయారు. క్లాసులో సగం మందికి తెలుసు. నాకు తెలియదు, ఎందుకంటే నేను కనుక్కోలేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను ఏమీ అనలేదు. పాత పేపర్ ముక్క తనే తెచ్చి చూపించారు. అందులో "కుటుంబ కలహాలతో" అని ఉంది. "మా ఇంట్లో కలహం వచ్చిందంటే అప్పు గురించే టీచరమ్మా, ఇంకేం గొడవలున్నాయి మాకు" అన్నారు. రైతు ఆత్మహత్య అని త్రిసభ్య కమిటీ, అంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి కలిసి తేలిస్తేనే ప్రభుత్వ సాయం వస్తుంది. 2004లో 421 నంబరు జీవో పెట్టిన పద్ధతి ఇది. రాష్ట్రంలో 2019 తర్వాత ఆ సాయం 7 లక్షలైంది. కౌలుకు సాగు చేస్తున్నట్టు చూపే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డు ఆయన పేరున లేదు. పోలీసు కాగితంలో, పేపర్లో రెండింటిలోనూ కుటుంబ కలహాలే. ఆవిడకు ఏమీ రాలేదు. రెండు పదాలు ఒక కుటుంబాన్ని ఏం చేయగలవో పుస్తకాల్లో చదివాను గానీ, అలా గుమ్మంలో కూర్చుని చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. చావు, దాడి ఉన్న వార్త ఏది తెచ్చినా ముందు రోజు నాకు చూపించాలి. క్లాసులో ఎవరింటికైనా తగులుతుందా అని వాళ్లతో విడిగా మాట్లాడాకే తీసుకుంటాను, లేకపోతే వేరే జిల్లా వార్త వాడతాను. ఆత్మహత్య వార్తలు క్లాసులో చదివించడం మానేశాను. ఆ విషయం రావాల్సి వస్తే, 2019లో ప్రెస్ కౌన్సిల్ ఇచ్చిన మార్గదర్శకాలు చదివిస్తాను: ఏ పద్ధతిలో చనిపోయారో వివరించవద్దు, ఒకే కారణానికి కుదించవద్దు, సాయం దొరికే చోటు చెప్పండి అని వాటిలో ఉంది. మానసిక ఆరోగ్య సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద ఎప్పుడూ ఉంటుంది. ఆ అబ్బాయి పదిహేను రోజులకు మళ్లీ జట్టులో చేరాడు. ఏమీ రాయలేదు, కత్తెర పట్టుకుని ముక్కలు కత్తిరించేవాడు. అంతకన్నా నేనూ అడగలేదు.

విలేకరి వచ్చిన రోజు

పిల్లలు ఆటో వార్త గురించి మండల విలేకరికి ఉత్తరం రాస్తామన్నారు. మొదటి ప్రతిలో ఆయన్ని దులిపేశారు. చింపి మళ్లీ రాయించాను, ప్రశ్నలు మాత్రమే ఉంచమన్నాను. ఆయన ఉత్తరం చదివి స్వయంగా వచ్చారు. ఆయన రావడం ఈ పనికి జరిగిన గొప్ప మేలు.

"పోలీసుల ప్రెస్ నోట్ వాట్సాప్‌లో వస్తుందమ్మా, ఎస్సై పేరు అందులో టైపు చేసి ఉంటుంది. మీ పెద్దమ్మ పేరు ఆసుపత్రి దగ్గర ఫోన్‌లో విన్నాను, హోరులో తప్పు విన్నాను" అని ఆ అమ్మాయికి చెప్పి, తప్పు తనదేనన్నారు. ఆయనకు జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన పంక్తుల్ని బట్టి డబ్బు. వార్త పంపాక డెస్కులో శీర్షిక మారుతుంది, "మృత్యు శకటం" తను రాసింది కాదట. ఏడాదికి ఇన్ని ప్రకటనలు తేవాలని లక్ష్యం ఉంటుంది, ఆ ప్రకటనలు ఇచ్చేవాళ్లలో కాంట్రాక్టర్లు, ఎరువుల దుకాణాలవాళ్లు, నాయకులు ఉంటారు. ఇవన్నీ ఆయన దాచకుండా చెప్పారు.

ఒకమ్మాయి అడిగింది, "సార్, కూలీల నుంచి ప్రకటన రాదు కదా, మరి వాళ్ల గురించి ఎవరు రాస్తారు?" ఆయన కొంచెంసేపు ఆగి, "మీరు ఉత్తరం రాశారు కదమ్మా, అలా ఎవరో ఒకరు అడగాలి" అన్నారు. పిల్లలు వార్తలోనే కాదు, వార్త రాసేవాడి వెనక కూడా కర్తను వెతకడం ఆ రోజే మొదలుపెట్టారు. అంతవరకూ నేను కూడా విలేకరినే దోషిగా చూస్తూ వచ్చాను. ఆయన్ని పిలవకుండా ఈ పాఠం చెప్పిన మొదటి నెలల్లో పిల్లలకు సగమే నేర్పాను.

తిరిగి రాసిన వార్త

ఏడాది చివర ప్రాజెక్టు పని: ఒక వార్తను ఖాళీ గడులు, దొంగ కర్తలు లేకుండా తిరిగి రాయాలి, తెలియనిది ఊహించకూడదు, అడిగి తెలుసుకోవాలి. ఆటో వార్తను ఆ అమ్మాయే తీసుకుంది. వద్దులే అన్నాను, వినలేదు. వాళ్లమ్మను, ఆటో డ్రైవరు భార్యను, మేస్త్రిని అడిగి రాసింది. ఊరి పేరు తీసి ఇక్కడ ఇస్తున్నాను:

"కోతకు మనిషికి ఇంత అని రైతు మేస్త్రితో మాట్లాడతారు. ఆటో కిరాయి కూలీల ముఠా మొత్తానికి కలిపి ఒకే లెక్క ఇస్తారు. ఆరుగురిని ఎక్కిస్తే కిరాయి గిట్టదని మేస్త్రి పదహారు మందిని ఎక్కించారు. ఆరింటికల్లా చేలో ఉండాలి. మా ఊరికి మొదటి బస్సు ఏడున్నరకు వస్తుంది. వాగు దగ్గర రోడ్డు గుంట పడి రెండేళ్లయింది, దాన్ని బాగు చేయాల్సినవాళ్లు చేయలేదు. డ్రైవరు గుంట తప్పించబోయి ఆటోను పక్కకు తిప్పారు. ఆటో పడిపోయింది. మా పెద్దమ్మ, ఇంకొక అమ్మ చనిపోయారు. మా పెద్దమ్మ ఇరవై ఏళ్లు మిర్చి కోశారు."

అందరికీ ‘రు’ పెట్టింది, మేస్త్రికీ డ్రైవరుకూ కూడా. నేను ఒక ప్రశ్న అడిగాను: ఇంతమంది కర్తలుంటే అసలు తప్పు ఎవరిదో చదివేవాళ్లకు తెలియదు కదా, మేస్త్రి మీద గట్టిగా రాయొచ్చు కదా అని. "మేస్త్రి మా బాబాయే మేడం. ఆయన్నొక్కడినే రాస్తే అదీ దొంగ కర్తే" అంది. నా ప్రశ్న వెనక్కి తీసుకున్నాను.

ఆ ప్రతి విలేకరికి ఇచ్చాం. అచ్చు కాలేదు. నెల తర్వాత ఆయన వాగు దగ్గరి గుంట గురించి, పొద్దున ఆరింటికి బస్సు లేకపోవడం గురించి విడిగా నాలుగు పేరాల వార్త రాశారు. గుంట పూడ్చారు. బస్సు ఇంకా ఏడున్నరకే వస్తోంది. పెద్దమ్మ పేరు సవరణ మూడో పేజీలో రెండు పంక్తులు వేశారు, ఆ ముక్క ఆ అమ్మాయి పాతదాని పక్కనే అంటించుకుంది.

ఫలితం లెక్కగా చెప్పమంటే నా దగ్గర పెద్దగా లేదు. పరీక్షలో కర్తరి, కర్మణి ప్రశ్న అందరూ రాస్తున్నారు, అది ముందూ రాసేవారు. వ్యాసాల్లో "జరిగింది", "గురైంది" తగ్గాయి. చదవడంలో వెనకబడిన పిల్లలు పేపర్ కత్తిరింపుల వల్ల బాగా ముందుకొచ్చారు, ఎందుకంటే అందులో వాళ్ల ఊళ్లు, వాళ్ల పనులు ఉన్నాయి. కోతలకు వచ్చే కర్నూలు పిల్లల్ని మాత్రం అందుకోలేకపోయాను. వాళ్లు వచ్చేసరికి క్లాసు ఆరు నెలలు ముందుంటుంది, మళ్లీ ఏప్రిల్‌లో వెళ్లిపోతారు. వలస గురించిన వార్తలు మేం చదువుతుంటే, ఆ వార్తల్లో ఉన్న పిల్లలు చివరి బెంచీలో ఏమీ అనకుండా కూర్చున్నారు. ఈ జనవరికి వాళ్లతోనే మొదలుపెట్టాలని ఆదోని వైపు పనిచేస్తున్న ఒక తెలుగు టీచరుతో మాట్లాడాను. వాళ్ల ఊళ్ల నుంచి జనం బస్సులెక్కే రోజుల్లో అక్కడి జిల్లా అనుబంధంలో వచ్చే వార్తలు ఆవిడ కత్తిరించి పంపుతారు. ఇక్కడికి చేరాక మా జిల్లా అనుబంధంలో వాళ్ల గురించి ఏం రాశారో ఆ పిల్లలే పక్కన పెట్టి చూస్తారు. మొదటి కట్ట నవంబరులో వస్తుందన్నారు.